వెచ్చగా చదవాల్సిన రక్తం

మా దీవి ఆసుపత్రిలో రక్తపరీక్షల గది ఒక్కటే. ఆ గదిలో పనిచేసే మనిషి కూడా ఒక్కతే. పేరు మెలియామె. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ దీవిలో ఎవరి చేతికి సూది గుచ్చినా గుచ్చింది ఆమే.

చిన్నప్పుడు నా బడిలోనే చదువుకుంది. రోజూ ఆలస్యంగా వచ్చేది. ఏమిటమ్మా అంటే, వాన వెలిశాక బాట మీదికొచ్చిన నత్తల్ని ఏరి పక్కన పెట్టి వస్తున్నానండీ అనేది. అది అబద్ధమేమోనని ఒకరోజు వెనకాలే వెళ్లి చూశాను. నిజమే. ఆ తరవాత ఫిజీలోని సువా నగరానికి వెళ్లి రెండేళ్లు పరీక్షల పని నేర్చుకుని తిరిగొచ్చింది. చలికాలం పొద్దున పిల్లలకి సూది వెయ్యాలంటే ముందు తన చేతులు రుద్దుకుని వేడి చేసుకుంటుంది. ముసలివాళ్ల ఫలితం బాగాలేకపోతే వరసలో నిలబెట్టి చెప్పదు. సాయంత్రం వాళ్లింటికి నడిచి వెళ్లి, అరుగు మీద కూర్చుని, పెండలం ఎలా ఊరిందో అడిగి, ఆ తరవాత చెబుతుంది. భూతద్దం గొట్టంలోకి చూసే ముందు ప్రతిసారీ కళ్లు మూసుకుని, "ప్రభువా, ఉన్నది ఉన్నట్టు కనిపించనీ" అనుకుంటుంది. నేను విన్నాను కాబట్టి చెబుతున్నాను.

ఆమె సంగతి రాయాలంటే అసినాతె జబ్బు సంగతి రాయాలి.

అసినాతెకి అరవై నాలుగేళ్లు. మా చర్చి పాటల బృందంలో ఆడవాళ్ల కింది స్వరం ఆమెదే. తమ్ముళ్లు ముగ్గురూ పోయారు, వాళ్ల పిల్లలు పదకొండు మంది ఉన్నారు. ఆ పదకొండు మందికీ ఆమె మేనత్త. మా తోంగాలో మేనత్తంటే ఆ ఇంటికి రాణి. ఆమె ముందు గొంతెత్తరు, ఆమె పక్క మీద కూర్చోరు, ఆమె తలని ముట్టుకోరు. విందులో మంచి చాప, మంచి పంది, అన్నిటికన్నా పెద్ద కేకు ఆమెకే వెళతాయి.

ఆ జూలైలో ఊరంతా దగ్గుజ్వరం తిరిగింది. అసినాతెకీ వచ్చింది, రెండు వారాల్లో తగ్గింది. తగ్గిందనుకుంటుండగా కళ్లు పచ్చబడ్డాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. మూత్రం కాచిన టీలా వస్తోందని పెద్ద మేనకోడలు లుసేయానె చెవిలో చెప్పింది. శుక్రవారం పొద్దున పికప్ బండి వెనక పరుపు వేసి ఆసుపత్రికి తీసుకొచ్చారు.

డాక్టర్ హవేయా కుర్రవాడు, మంచివాడు. రక్తం తీయించి చూశాడు. మనిషికి ఉండాల్సినదానిలో సగమే ఉంది.

"రక్తం ఎక్కించాలి. ఇంకా పడిపోతే గుండె తట్టుకోదు. రాజధానికి పంపుదామంటే విమానం గురువారం గాని లేదు," అన్నాడు.

ఈ మాట పదిన్నరకి బయటికొచ్చింది. పదకొండున్నరకల్లా ఇరవై రెండు మంది చొక్కా చేతులు పైకి మడిచి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నారు. పాటల బృందంలో మగవాళ్లందరూ వచ్చేశారు. వాళ్లలో తొమ్మిది మందిది ఎవరికైనా పనికొచ్చే ‘O’ గ్రూపు రక్తం. మెలియామె ఆ తొమ్మిది మంది రక్తాన్నీ ఒక్కొక్కటిగా అసినాతె రక్తంలోని పసుపు నీటితో కలిపి చూసింది. సరిపడే రక్తమైతే కణాలు విడివిడిగా ఉంటాయి, నీళ్లలో చల్లిన మెత్తటి ఇసుకలాగా. సరిపడకపోతే గుత్తులు కడతాయి. తొమ్మిదీ గుత్తులు కట్టాయి.

శనివారం మళ్లీ చేసింది. మళ్లీ అంతే. అసలు అసినాతె గ్రూపేమిటో కూడా తేలలేదు. ఒకసారి ఒకటి చూపించింది, ఇంకోసారి ఇంకోటి. మందులు పాతబడ్డాయేమోనని కొత్త సీసాలు తెరిచింది. "సరిపడే రక్తం దొరకలేదు" అని కాగితం మీద రాసి డాక్టర్‌కి పంపింది.

మెట్ల మీద కూర్చున్నవాళ్లలో పౌలియాసి ఉన్నాడు. పాటలో అతనిది అట్టడుగు స్వరం, మాటల్లో మాత్రం పై స్వరమే.

"చూశారా మాస్టారూ," అన్నాడు నాతో. "బతికిన నాళ్లంతా మనం ఏం పెట్టినా వంక పెట్టింది. నా పెండలం నార అంది, నీ చేప ఎముకలంది. ఇప్పుడు మన రక్తానికీ వంకే."

అందరూ నవ్వారు. ఒక్క సతేకి అనే అతను మాత్రం నవ్వలేదు.

సతేకి అసినాతె పెద్ద తమ్ముడి కొడుకు. చేపలు పడతాడు. ఆరడుగుల మనిషి. అతను లేచి పరీక్షల గది గుమ్మం దగ్గరికి వెళ్లి, లోపలికి రాకుండానే నేల మీద కూలబడ్డాడు.

"అక్కా, ఇది నా వల్లే," అన్నాడు మెలియామెతో.

"ఏది నీ వల్ల?"

"పోయినేడు మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకి అత్తకి ఇవ్వాల్సిన మంచి చాప దాచేశాను. రెండో రకం చాప ఇచ్చాను. మా ఆవిడ ఎనిమిది నెలలు అల్లింది కదా, మనసొప్పలేదు. మేనత్తకి ద్రోహం చేశాను. అందుకే నా రక్తం ఆమెకి పడటం లేదు. నాతో కూర్చున్న పాపానికి మిగతావాళ్లదీ పడటం లేదు."

అతని గడ్డం తడిసిపోయింది. సువాలో నేర్చుకున్న చదువులో దీనికి జవాబు లేదు. కాని అతన్ని అలా వదిలెయ్యడానికి మనసు రాలేదు.

"ఉండు సతేకీ. ఒక పని చేసి చూస్తాను. మీ ఎవరి రక్తమూ కలవని పని," అంది.

అప్పటికి శనివారం రాత్రయింది. మర్నాడు ఆదివారం. మా దీవిలో ఆదివారం ఎవరూ పనిముట్టు పట్టరు. అయినా తెల్లారే సరికి, ఇళ్లల్లో నేల పొయ్యిలకి నిప్పు పెట్టే వేళకి, మెలియామె గదిలో ఉంది. తలుపు తీసే ఉంది గనక చర్చికి పోతూ నేనూ ఆగాను. ఆ రోజు వాక్యం చెప్పవలసింది నేనే.

ఆమె చేసింది ఇది. అసినాతె ఎర్రకణాల్నే తీసుకుని అసినాతె పసుపు నీటితోనే కలిపింది. తన రక్తం తనకి పడకపోవడమనేది ఉండదు కదా. అవీ గుత్తులు కట్టాయి.

"సతేకీ!" అని కేక వేసింది. అతను రాత్రంతా మెట్ల మీదే ఉన్నాడు. "లోపలికి రా. చూడు. ఇది మీ అత్తే, ఇదీ మీ అత్తే. తన రక్తమే తనకి పడటం లేదు. నీ చాపకీ దీనికీ ఏం సంబంధం లేదయ్యా."

సతేకి ఆ చిన్న గాజు గొట్టం వంక చూసి, "అయితే అత్త తన మీద తనే అలిగిందా?" అన్నాడు.

"అదే తెలియాలి."

రక్తకణాల్ని లెక్కపెట్టే యంత్రం అచ్చువేసిన కాగితాన్ని ఆమె మళ్లీ బల్ల మీద పరిచింది. మూడు రోజుల నుంచి ఆ కాగితంలో ఒక అంకె ఆమెని సలుపుతోంది. ఎర్రకణాలు మరీ తక్కువ ఉన్నాయని యంత్రం అంటోంది. ఒక్కో కణంలో ఉన్న ఎరుపు మాత్రం ఒక కణంలో పట్టేదానికంటే ఎక్కువుందంటోంది.

"మాస్టారూ, ఎవరైనా వచ్చి బుట్టలో పట్టేదానికంటే ఎక్కువ పెండలం బుట్టలో ఉందంటే ఏమంటారు?"

"లెక్క తప్పిందంటాను. లేకపోతే నాలుగు బుట్టల్ని ఒకటిగా లెక్కేశారంటాను," అన్నాను.

ఆమె నా వైపు తిరిగి చూసింది. "అదే. గుత్తిని ఒక కణంగా లెక్కపెట్టింది. కణాలు యంత్రం చెప్పినంత తక్కువ లేవు, అతుక్కున్నాయి. ఎందుకు అతుక్కున్నాయి?"

మాట్లాడుతూ మాట్లాడుతూ ఆమె ఆ గొట్టాన్ని పిడికిట్లో పెట్టుకుంది. దేవుడు ఏ సమయానికి ఏం చేయిస్తాడో. చర్చి మొదటి గంట మొదలైంది. గంట ఆగేసరికి పిడికిలి తెరిచింది. గుత్తులు లేవు. ఎర్రటి నీరు నునుపుగా ఉంది.

బల్ల మీద పెట్టింది. గదిలో ఏసీ ఎప్పుడూ నడుస్తుంది, యంత్రం వేడెక్కకూడదని. చూస్తుండగానే సన్నటి ఇసుక పలుకులు, తరవాత గుత్తులు. మళ్లీ పిడికిలి. మళ్లీ నునుపు.

"చలి," అంది మెలియామె. నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది. "దగ్గుజ్వరంతో పోరాడటానికి ఒంట్లో పుట్టిన సైన్యం ఇది. యాంటీబాడీలు. జ్వరం పోయింది గాని ఇవి పోలేదు. చలి తగిలితే చాలు, సొంత కణాల్నే పట్టుకుని పగలగొడుతున్నాయి. సువాలో ఒకే ఒక్కసారి చూశాను, అదీ ముప్ఫై ఏళ్లకి పైనే అయింది. నేనేమో శుక్రవారం నుంచి ఆ రక్తాన్ని తీసుకెళ్లి ఫ్రిజ్‌లో దాస్తున్నాను!"

ఎండదేశం వాళ్లం. మాకు విలువైనది ఏదైనా సరే ముందు మంచులో పెడతాం. చేప గాని, మందు గాని, రక్తం గాని.

ఆమె లేచి ఏసీ ఆపేసింది. ఫ్లాస్కులో ఒంటి వేడి ఎంతో అంత వేడి నీళ్లు పోసి, కొత్తగా రక్తం తియ్యడానికి వార్డుకి నడిచింది. నేను ఫ్లాస్కు పట్టుకుని వెనక వెళ్లాను.

అసినాతెని ఆసుపత్రిలో ఉన్న ఒకే ఒక్క ఏసీ గదిలో పెట్టారు. ఆమెకి కాక ఇంకెవరికి ఇవ్వాలి మరి? ముగ్గురు మేనకోడళ్లు కింద కూర్చుని తాటాకు విసనకర్రలతో విసురుతున్నారు. రాత్రీ పగలూ వంతులు వేసుకున్నారు. పక్కన మంచుముక్కలు వేసిన కొబ్బరినీళ్లు. పల్చటి దుప్పటి కింద అసినాతె చేతివేళ్లు నేరేడుపళ్లలా నీలంగా ఉన్నాయి. ముక్కు చివర కూడా.

మెలియామె గుమ్మంలో ఆగిపోయింది.

"విసరడం ఆపండి," అంది.

లుసేయానె తెల్లబోయింది. "ఏమిటక్కా ఆ మాట? మేనత్తకి విసరడం ఆపాలా? ఊళ్లో మమ్మల్ని ఏమంటారు?"

"ఏమన్నా అననీ. ఆ ఏసీ కూడా ఆపు. ఆ కొబ్బరినీళ్లు తీసెయ్యి."

"అత్తా, మీరైనా చెప్పండి—"

అసినాతె కళ్లు తెరిచింది. గొంతు పీలగా వచ్చింది గాని అధికారం ఎక్కడికీ పోలేదు. "ఆపవే లుసేయానె. మూడు రోజుల నుంచి చలితో చస్తున్నాను."

"మరి చెప్పలేదేం అత్తా!"

"ఎలా చెప్పనే? మీరు నిద్ర మానుకుని విసురుతుంటే వద్దనడం మర్యాదేనా?"

లుసేయానె రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. మెలియామె ఆమె వీపు నిమిరి, "ఏడవకు. మీ ప్రేమలో తప్పు లేదు. దాన్ని ఇటు తిప్పండి, అంతే. వెచ్చగా ఉంచండి," అంది.

ఇక చూడాలి. అరగంటలో ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వచ్చాయి. ఎవరో మేజోళ్లు తెచ్చారు, ఎవరో వేడి నీళ్ల సీసాలు. తాపా నారబట్ట మడతలు తెచ్చి కప్పబోతుంటే చిన్న మేనకోడలు జంకింది. "అవి చనిపోయినవాళ్లకి కప్పేవి కదా…"

"బతికుండగా కప్పుకుని చూస్తానులే, ఎంత వెచ్చగా ఉంటుందో," అంది అసినాతె.

అన్నిటికన్నా చివర సతేకి వచ్చాడు, చంకలో చుట్టిన చాపతో. తల వంచుకుని గుమ్మం దగ్గరే నిలబడి లుసేయానెకి అందించాడు. ఆమె దాన్ని అత్త కాళ్ల మీద పరిచింది. అంత సన్నటి అల్లిక నేను ఈ దీవిలో నాలుగైదు కన్నా ఎక్కువ చూడలేదు.

అసినాతె దాన్ని వేళ్లతో తడిమి చూసింది. "ఓహో. ఇదన్నమాట ఆ చాప."

"అత్తా, మీకు తెలుసా?"

"నీ పెళ్లాం ఎనిమిది నెలలు అల్లితే ఊరంతా చూసిందిరా. పుట్టినరోజుకి కనపడకపోతే ఎలక తినేసిందనుకోమంటావా?"

నవ్వు ఆపుకోలేక నేను వరండాలోకి వచ్చేశాను.

మెలియామె వెచ్చటి రక్తాన్ని ఫ్లాస్కులో పెట్టుకుని తిరిగొచ్చి, గొట్టాలు, మందులు, ఉప్పు నీళ్లు అన్నీ ఒంటి వేడికి తెచ్చి మళ్లీ మొదలుపెట్టింది. నేను చర్చికి వెళ్లి వాక్యం చెప్పాను. అందరి కళ్లూ కిటికీలోంచి ఆసుపత్రి వైపే ఉన్నాయి, నావి కూడా. ఆఖరి పాట మధ్యలో హవేయా డాక్టర్ వచ్చి గుమ్మంలో నిలబడి ఎనిమిది వేళ్లు చూపించాడు. తొమ్మిదిలో ఎనిమిది సరిపోయాయి. పాట ఆపలేదు గాని, ఆ పాటని మా చర్చిలో అంత గట్టిగా ఎన్నడూ పాడలేదు.

రెండు సంచుల రక్తం ఎక్కించారు. ప్రసవాల గదిలో రక్తాన్ని వెచ్చబెట్టే చిన్న పెట్టె ఉంది, దాని గుండా నిదానంగా. ఎవరి రక్తమో మెలియామె చెప్పలేదు, సంచుల మీద అంకెలే రాసింది. ఎనిమిది మందీ నాదంటే నాదన్నారు. పౌలియాసి అయితే, "చూస్తుండండి, వచ్చే వారానికి అత్త గొంతు నా గొంతులా మారకపోతే అడగండి," అన్నాడు.

అసినాతె ఆ రోజుకి బతికింది. కాని అసలు ప్రశ్న మిగిలే ఉంది. ఈ జబ్బులో రెండు రకాలట. జ్వరం వెనక వచ్చేది కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. ముసలితనంలో ఊరికే పుట్టుకొచ్చే రకం పోదు. మనిషిని పట్టుకుని ఉంటుంది. అసినాతెది ఏది?

"ఎలా తెలుస్తుంది?" అని అడిగాను.

మెలియామె పది గొట్టాలు వరసగా నిలబెట్టి చూపించింది. మొదటి గొట్టంలో అసినాతె పసుపు నీటిని సగానికి పలచన చేసింది. రెండో దాంట్లో దానిలో సగం. అలా ప్రతి గొట్టంలోనూ ముందుదానిలో సగం. అన్నింట్లోనూ ఎర్రకణాలు వేసి చలిలో పెట్టింది. అంత పలచనైన పదో గొట్టంలో కూడా గుత్తులు.

"పదో గొట్టమంటే చాలా బలంగా ఉన్నట్టు. కాని మాస్టారూ, దీనికన్నా నన్ను భయపెట్టేది ఇంకోటి ఉంది. మంచు చలిలో గుత్తులు కడితే మనకేం పరవాలేదు, మనిషి ఒళ్లు మంచు కాదు కదా. ఎంత వెచ్చదనం దాకా పట్టుకు వేలాడుతోందన్నదే చూడాలి. ఇది ముప్ఫై డిగ్రీల దగ్గర కూడా వదలటం లేదు. వేళ్లకి, చెవులకి గాలి తగిలితే అంతకి పడిపోతుంది ఒంటి వేడి. అదే అసినాతె అత్తకి జరిగింది."

గురువారం విమానంలో రాజధాని డాక్టర్లకి రక్తం పంపింది, ఫ్లాస్కులో, విమానం నడిపేవాడి భార్యకి అప్పగించి. "దీన్ని ఒళ్లో పెట్టుకో తల్లీ, మంచుపెట్టెలో పెట్టావంటే నా మీద ఒట్టే," అని మూడుసార్లు చెప్పింది. వాళ్లూ అదే మాటన్నారు: వెచ్చగా ఉంచండి, వారం వారం చూడండి, తగ్గకపోతే ఇక్కడికి తీసుకురండి.

మొదటి వారం, పదో గొట్టం. రెండో వారం కూడా పదో గొట్టమే. అసినాతెని ఇంటికి పంపారు గాని పొద్దున్నే ఎండెక్కేదాకా బయటికి రానివ్వలేదు. చన్నీళ్లలో చెయ్యి పెట్టనివ్వలేదు. మేనకోడళ్లు ఆమె మొహం కడిగే నీళ్లు కూడా కాచి ఇచ్చారు. మూడో వారం, తొమ్మిది. నాలుగో వారం, ఏడు. ఐదో వారం మెలియామె గొట్టాల్ని ఒక్కొక్కటే వెలుతురుకి ఎత్తి చూసింది. ఐదో గొట్టం దగ్గర ఆగాయి గుత్తులు. ఆరో గొట్టం నునుపు. ముప్ఫై డిగ్రీల దగ్గర ఏ గొట్టంలోనూ ఏమీ లేదు. రక్తం కూడా తనంతట తనే పెరిగింది.

జ్వరం వెనక వచ్చిన రకమే. పోతోంది.

ఆ సాయంత్రం మెలియామె అసినాతె ఇంటికి వెళ్లింది. నేను అప్పటికే అరుగు మీద ఉన్నాను. ఫలితం చెప్పింది. లుసేయానె చప్పట్లు కొట్టింది. మెలియామె మాత్రం లేవలేదు. చాప దిగి మట్టి మీద కూర్చుని తల వంచింది.

"అత్తా, ఇంకో మాట. మొదటి రెండు రోజులూ నేను తప్పు చేశాను. మీ రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టాను. ఎక్కడో తేడా ఉందని యంత్రం చెబుతున్నా వినలేదు. సరిపడే రక్తం లేదని రాసేశాను. ఆ రెండు రోజుల్లో మీరు పోయి ఉంటే నా చేతిరాతతో పోయి ఉండేవారు. నన్ను క్షమించండి."

చీకటి పడుతోంది, పక్కింటి పందిపిల్లలు కంచె కింద నుంచి దూరుతున్నాయి.

"నిన్ను నేను క్షమిస్తానులే," అంది అసినాతె. "మరి నన్నెవరు క్షమించాలి? మూడు రోజులు చలితో వణుకుతూ నోరు మూసుకున్నదాన్ని. నాకు చలేస్తోందమ్మా అని ఒక్క మాట అని ఉంటే?"

మెలియామె తలెత్తింది. "అని ఉంటే నాకు శుక్రవారమే తెలిసేది అత్తా."

"చూశావా. నువ్వు యంత్రం మాట వినలేదు, నేనసలు మాటే ఆడలేదు. లే, చాప మీదికి రా. నేల చల్లగా ఉంది." మేనకోడళ్ల వైపు తిరిగింది. "మీరూ వినండే. ఇక మీదట నాకేం కావాలో మీరే ఊహించుకోకండి. అడగండి. అడిగితే నిజం చెబుతాను. మర్యాదకి పోను."

మేనకోడళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మేనత్తని నోరు తెరిచి అడగడమన్నది మా దగ్గర లేదు. లుసేయానె గొంతు సవరించుకుని, మొదటిసారి గనక కొంచెం భయపడుతూనే, అడిగింది.

"అయితే అత్తా… ఇప్పుడు మీకేం కావాలి?"

అసినాతె ఆలోచించింది.

"ఆకలేస్తోంది," అంది. "మధ్యాహ్నం నుంచీ. ఈ మెలియామెకి కూడా పెట్టండి."